ఈశాన్యం మూల రాయి

ఫిలింనగర్, హైదరాబాద్
జూన్ 18

తమ్ముడు ఆనందకుమార్‌కు,

మేమంతా క్షేమమని మొదలుపెట్టాలి. మేమంతా అంటే ఇక్కడ నేనొక్కదాన్నే. నా క్షేమం సంగతి ప్రస్తుతం డాక్టరుగారు చూసుకుంటున్నారు.

కంగారుపడకు. గొంతులో పెసరగింజంత కాయ లేచింది. ముప్పై నాలుగేళ్లు డబ్బింగ్‌లో హీరోయిన్ల తరఫున ఏడ్చి, నవ్వి, "నన్ను వదలండి" అని అరిచినందుకు మిగిలింది అదే. పోయిన గురువారం తీసేశారు. ఆరు వారాలు ఒక్క మాట కూడా మాట్లాడకూడదట. గుసగుస అసలే పనికిరాదట, అది అరుపుకంటే చెడ్డదట. అందుకే ఫోన్ చెయ్యడం లేదు. వాట్సాప్‌లో "గొంతు" అని కొడితే "గంతు" అని దిద్దుతోంది. కాబట్టి ఉత్తరం.

మెడలో పలక వేసుకుని తిరుగుతున్నాను. కూరగాయల బండాయన నన్ను పుట్టుమూగ అనుకుని నాలుగు వంకాయలు ఊరికే వేశాడు. నా గొంతుకు ఎవరూ ఇంత మర్యాద చెయ్యలేదు.

ఇప్పుడు అసలు సంగతి. నిర్మాత ఆదినారాయణగారి గురించి చెప్పానుగా. ఆయన ఆరు సినిమాల్లో హీరోయిన్లకు గొంతు నాదే. ఆయనకు మాత్రం నేనెవరో తెలియదు. జూబ్లీహిల్స్‌లో ఆయన ఇంటి ఆవరణలో, ఈశాన్యం మూల, ఇద్దరు మనుషుల ఎత్తున ఒక బండ ఉంది. ఇల్లు కట్టేటప్పుడు పగలగొట్టలేక వదిలేశారట. ఈమధ్య వరసగా నాలుగు సినిమాలు పోయాయి. వాస్తు చూసే పరబ్రహ్మంగారు వచ్చి ఈశాన్యంలో బరువుందన్నారు. కథల్లో బరువు లేదని ఎవరూ చెప్పలేదు. దసరాకు కొత్త సినిమా మొదలయ్యేలోపు బండను పగలగొట్టాలని తీర్మానించారు.

ఆయన మేనకోడలు వర్ణిక అడ్డుపడింది. బెంగళూరులో డిజైన్ చదివొచ్చిన పిల్ల. "దసరాలోపు నీ ఆర్టేదో చేసి చూపించు. వచ్చినవాళ్లకు నచ్చితే బండ ఉంటుంది. లేకపోతే మర్నాడే డ్రిల్లింగువాళ్లు వస్తారు" అని ఆయన గడువు పెట్టారు.

ఆ పిల్ల ఏం చేస్తోందో తెలుసా? బండను అన్ని వైపులనుంచీ లేజరుతో కొలిచి కంప్యూటర్లోకి ఎక్కించింది. అందులో దాన్ని రొట్టె కోసినట్టు నలభై ముక్కలు కోసింది. ఒక్కో ముక్క ఆకారంలో ఒక్కో రాతిపలకను మిషనుతో కోయించి, మధ్య సందులు వదిలి నిలబెడితే, అసలు బండ పక్కనే ఇంకో బండ లేస్తుంది. మనిషి లోపలికి వెళ్లి కూర్చోవచ్చు. అసలు బండకు మైకులు అతికిస్తుందట. ఎండకు వేడెక్కి, నీడకు చల్లారి బండ చేసే చప్పుళ్లు కొత్త బండలోని స్పీకర్లలో వినిపిస్తాయట.

నాతో ఏం పని అంటావా? పెదవి కదలికకు మాట వెంట్రుకవాసి తప్పినా పట్టేసే చెవులు కావాలని, స్టూడియోలో ఎవరో చెబితే వెతుక్కుంటూ వచ్చింది. గొంతు లేదని పలక మీద రాశాను. "గొంతు అక్కర్లేదాంటీ, చెవులు చాలు" అంది. ఈ ఊళ్లో నాతో ఆ మాటన్న మొదటి మనిషి.

నీ క్వారీ నుంచి నలభై నల్ల పలకలు కావాలి. కొడితే మోగాలి. పంపగలవా?

నీ అక్క,
కరుణాకుమారి


చీమకుర్తి
జూన్ 27

అక్కకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. గొంతు గురించి దిగులుపడకు. ఒక్క మాట. ఉత్తరాలే మంచివి. ఫోన్లో ఏదీ స్థిమితంగా ఉండదు. నీ గొంతు బాగయ్యాక కూడా మనం ఇలాగే రాసుకుందాం.

పలకల సంగతి. మా నల్లరాయిని వ్యాపారులు గ్రానైటంటారు గానీ, అది గ్రానైటు కాదు. ఈ మాట నేను ముప్పై ఏళ్లుగా చెబుతున్నాను, ముప్పై ఏళ్లుగా ఎవరూ వినలేదు. మీ ఆదినారాయణగారి బండ మాత్రం అసలైన గ్రానైటు. వయసు సుమారు రెండువందల యాభై కోట్ల ఏళ్లు. మా రాయి దానికంటే చాలా చిన్నది. అంటే మీ బండ అక్క, మా పలక తమ్ముడు. తమ్ముడు వచ్చి అక్క పక్కన నిలబడితే నాకేం అభ్యంతరం లేదు.

రాయి మాట్లాడుతుందని మాత్రం నాకు చెప్పకు. నేను దానితో ముప్పై ఏళ్లు కాపురం చేశాను. మంచి పలకను సుత్తితో తడితే గంటలా మోగుతుంది. లోపల పగులుంటే చచ్చిన శబ్దం వస్తుంది. దానికి వచ్చిన భాష ఆ రెండు ముక్కలే. పాలిష్‌లో అంచులు పోయిన పలకలు కావలసినన్ని ఉన్నాయి. నలభైకి నలభై నేనే స్వయంగా కొట్టి, విని పంపుతాను.

నీ తమ్ముడు,
ఆనందకుమార్

వదినగారికి తబిత వందనాలు. "స్వయంగా విని" అని రాశారు కదా. మా ఇంట్లో కుక్కరు తొమ్మిది ఈలలు వేసింది, ఈయన పక్కనే కూర్చుని పేపరు చదువుతున్నారు. పప్పు మాడింది. నేనేమీ అనడం లేదు.


ఫిలింనగర్
ఆగస్టు 11

ఆనందూ,

పలకలు చేరాయి. కోయడం మొదలైంది. సన్నటి నీటిధారతో రాయిని కోసే మిషను బాలానగర్‌లో ఉంది. అక్కడ కూర్చుని నేను ఒక్కో పలకను సుత్తితో తట్టి, దాని స్వరం పలక మీద రాసి చూపిస్తున్నాను. పలక గురించి పలక మీద రాయడం ఎంత గందరగోళమో నీకు తెలియదు.

ఏడో నెంబరు పలక దగ్గర ఆగిపోయాను. దాని మీద నీ చేతిరాతతో "ముత్యం. గుడిగంటలా మోగుతుంది" అని ఉంది. తట్టాను. తడి గోడను తట్టినట్టుంది. నీ మాట మీద గౌరవంతో వర్ణిక దాన్ని మిషనెక్కించింది. రెండు ముక్కలైంది.

ఏంట్రా ఇది? చిన్నప్పుడు అమ్మ వంటింట్లో ఏ గిన్నె కిందపడిందో వీధిలోనుంచి చెప్పేవాడివి. ఒకవేళ మనసు బాగోలేకనా? తబితతో గొడవా? ఇంకో మాట కూడా అడగాలి. పోయిన ఏడాది ఫోన్ చేసి మా పిల్లి పోయిందని ఏడిస్తే, "చాలా సంతోషం, అందరికీ స్వీట్లు పంచు" అన్నావు. ఆ కోపం నాకింకా పోలేదు. ఇప్పుడు అనుమానంగా ఉంది.

డాక్టరుగారు మౌనం ఇంకో రెండు నెలలు పొడిగించారు.

కరుణక్క


చీమకుర్తి
ఆగస్టు 20

అక్కా,

పెళ్లి అయింది అన్నావనుకున్నాను. ఎవరి పెళ్లో అడిగితే బాగోదని స్వీట్లు అన్నాను. క్షమించు. పిల్లి మంచిది. నన్ను రెండుసార్లే గీరింది.

ఇక దాచి లాభం లేదు. ఆరేళ్లయింది, నాకు చెవులు సరిగ్గా పనిచెయ్యడం లేదు. క్వారీలో డ్రిల్లింగు, మందు పెట్టి బండలు పేల్చే చప్పుళ్లు. కుర్రతనంలో చెవుల్లో దూది పెట్టుకోమంటే నామోషీ. సన్నని శబ్దాలు ముందు పోతాయట. పిట్టలు పోయాయి. కుక్కరు ఈల పోయింది. సన్నని గొంతులు పోయాయి. నీది హీరోయిన్ గొంతు కదా అక్కా. అందరికంటే ముందు నువ్వే పోయావు.

ఆరేళ్లుగా నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా నేను ఊఁ కొడుతున్నాను. నువ్వు ఆగిన చోట "అవును మరి" అంటున్నాను. ఇంతవరకూ నీకు దొరకలేదంటే, మనిద్దరిలో అసలు నటుణ్ణి నేనే.

ఏడో నెంబరు సంగతి. పృథ్వీరాజ్ అని కొత్త ఇంజనీరున్నాడు. నేను సుత్తితో కొడతాను, వాడి ముఖం చూస్తాను. ముఖం వెలిగితే మంచి పలక, చిట్లిస్తే పగులు. రెండేళ్లుగా ఇలాగే నెట్టుకొస్తున్నాను. ఆ రోజు వాడికి పెళ్లిచూపులు. ఏ పలక కొట్టినా నవ్వుతూనే ఉన్నాడు.

ఆఫీసులో ఎవరికీ తెలియదు. తెలిస్తే రాళ్ల దగ్గరనుంచి తీసి కుర్చీలో కూర్చోబెడతారు. తబితకు తెలుసు, తనకు తెలుసన్న సంగతి నాకు తెలుసని మాత్రం తనకు తెలియదు. నువ్వు నన్ను తిట్టుకో, కానీ ఉత్తరంలోనే తిట్టు. చదువుకోగలను.

ఆనంద్


ఫిలింనగర్
సెప్టెంబరు 9

ఒరేయ్ ఆనందూ,

తిడదామని కాగితం తీసుకుని మూడుసార్లు చించాను. నీమీద కోపంతో కాదు. ఆరేళ్లు. వారం వారం. నా గోడంతా గోడకు చెప్పుకున్నట్టేగా! నేను కొంచెం ఏడ్చాను కూడా. డబ్బింగ్ ఏడుపు కాదు, మామూలుదే. అది అంత బాగా రాదు.

అది అలా ఉంచు. ఇక్కడ బండ లేచి నిలబడింది. ముప్పై తొమ్మిది పలకలు, ఏడో నెంబరు చోట ఖాళీ. నేను ఆ ఖాళీలోంచే లోపలికి దూరుతాను. లోపల ముక్కాలిపీట, చెవులకు హెడ్‌ఫోన్లు, ముందొక మైకు. అసలు బండ మధ్యాహ్నం ఎండకు "మ్మ్‌మ్..." అని మూలుగుతుంది. అప్పుడు నేను సరైన పలకను వేలితో మీటాలి. ఆ రెండూ కలిసి స్పీకర్లలో వస్తాయి. మొదట నవ్వొచ్చింది. నాలుగు రోజులు విన్నాక, ఆ మూలుగు రాకముందే నా వేలు లేవడం మొదలుపెట్టింది. బండ ఊపిరి పీల్చడం తెలిసిపోతోంది.

ఆదినారాయణగారికి మాత్రం ఇది చాలలేదు. వచ్చి విని, "మూలుగుడేంటమ్మా, జ్వరమొచ్చినట్టు? ఒక మంచి డైలాగ్ పెట్టండి. గ్రాంథికంలో, గంభీరంగా" అన్నారు.

వాచ్‌మన్ యాదగిరి అక్కడే ఉన్నాడు. "గ్రాంథికమేంది సార్? గిది గీడి రాయి. గీడనే పుట్టింది, గీడనే పెరిగింది. మాట్లాడితె మా లెక్కనే మాట్లాడ్తది" అన్నాడు.

"నువ్వూరుకోవయ్యా! తెలంగాణ యాస కామెడీకి పెడతాం గానీ రాయికి పెడతామా?"

"రాయికి కామెడీ ఉండదా సార్?"

వర్ణిక ఇద్దరి మధ్యా నిలబడి, "మామయ్యా, రాయి ఏ భాషా మాట్లాడదు. దాన్ని మాటలు లేకుండా వినాలి. పాయింటే అది" అంది. ఆయన పరబ్రహ్మంగారి వైపు చూశారు. పరబ్రహ్మంగారు ఆకాశం వైపు చూశారు. డ్రిల్లింగువాళ్లకు అడ్వాన్సు ఇచ్చేశారని యాదగిరి తర్వాత నాతో చెప్పాడు.

అక్టోబరు తొమ్మిది, బుధవారం, పదకొండు గంటలకు ప్రారంభం. సినిమావాళ్లు, పత్రికలవాళ్లు వస్తున్నారు. నువ్వు రావాలి. వినిపించదని వంక పెట్టకు. చూడ్డానికే రా.

అక్క


చీమకుర్తి
సెప్టెంబరు 21

అక్కా,

మంచి పలక ఒకటి తీసుకుని మా లారీలోనే వస్తున్నాను. ఈసారి పృథ్వీరాజ్ ముఖం చూడలేదు, కళ్లు మూసుకుని అరచెయ్యి ఆనించి చూశాను. అయినా తబిత చేత కూడా కొట్టించాను.

ఆనంద్

వదినగారూ, మోగింది. నేను విన్నాను. తబిత.


చీమకుర్తి
అక్టోబరు 11

అక్కా,

బుధవారం నీతో నాలుగు మాటలైనా మాట్లాడకుండా లారీ ఎక్కి వచ్చేశాను. కోపం రావచ్చు. నువ్వు బండ లోపల ఉన్నావు, బయట ఏం జరిగిందో నీకు కనిపించలేదు. అది రాస్తే నేనెందుకు వచ్చేశానో నీకే తెలుస్తుంది.

పదకొండున్నరకు జనం నిండారు. ఆదినారాయణగారు మొదటి వరసలో. ఆయన పక్కన పరబ్రహ్మంగారు, చేతిలో దిక్సూచితో. నేను వెనకాల యాదగిరి పక్కన నిలబడ్డాను. అసలు బండ, దాని పక్కన మా నల్లపలకల బండ. ముప్పై ఏళ్లు ఆ రాయిని వంటింటి గట్లకూ, బాత్‌రూముల్లోకీ పంపాను. అది తల ఎత్తుకుని నిలబడగా చూడ్డం అదే మొదటిసారి.

మూలుగు మొదలైంది. నాకు చెవుల్లో కాదు, చెప్పుల్లోంచి తెలిసింది. సరిగ్గా అప్పుడే గేటు దగ్గర ఆదినారాయణగారి సొంత కటౌట్ పక్కకు ఒరిగితే, ఎవరో గుంజను మళ్లీ భూమిలోకి దిగ్గొట్టారు. అది మట్టి కింద అసలు బండ మైకులకు వెళ్లే వైరును తెంపింది. పాదాల కింద అదురు ఆగిపోయింది. వర్ణిక కంప్యూటర్ దగ్గరకు పరిగెత్తింది. జనం ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఆదినారాయణగారు వాచీ చూసుకుని లేచారు. పరబ్రహ్మంగారు చేత్తో "ఇక కానిద్దాం" అన్నట్టు సైగ చేశారు.

అప్పుడు బండ మాట్లాడింది.

"ఏంది ఆదినారాయణా, లేస్తున్నవ్? కూసో."

ఆయన కూర్చున్నారు.

"రెండు వందల యాభై కోట్ల ఏండ్ల సంది గీడనే ఉన్న. నువ్వు నిన్న మొన్న వచ్చి నా పక్కన ఇల్లు కట్టినవ్. కట్టి, నేను నీ ఈశాన్యంల ఉన్ననంటవా? జర సక్కగ చూడు. నువ్వే నా నైరుతిల ఉన్నవ్!"

నవ్వాను. ఆ సభలో మొదట నవ్వింది నేనే, ఒక్కణ్ణే. ముందున్నాయన వెనక్కి తిరిగి గుర్రుగా చూశాడు. ఆ తర్వాత యాదగిరి "షాబాష్!" అన్నాడు, అందరూ విరగబడ్డారు.

"నాలుగు సినిమాలు పోయినయని నన్ను పలగ్గొడ్తవా? కథ విన్నప్పుడు నన్ను అడిగినవా? నేను బరువుంటనే. నీ కథ కూడ జర బరువున్నది చూస్కో!"

ఆదినారాయణగారి భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారేమోనని భయపడ్డాను. నవ్వుతున్నారు.

అక్కా, నాకు అప్పటికింకా తెలియలేదు, అది నువ్వని. బొంగురుగా, లోతుగా, గంగాళం లోపలినుంచి వచ్చినట్టుంది. ఎవరో పెద్ద నటుణ్ణి పెట్టారనుకున్నాను. అది కాదు నాకు ఆశ్చర్యం. ప్రతి మాటా వినిపించింది. పెదవులు చూడకుండా, పక్కవాడి ముఖం చూడకుండా. ఆరేళ్ల తర్వాత మొదటిసారి.

ఏడో పలక చోటులోంచి నువ్వు బయటికొచ్చావు. ఒక చేతిలో మైకు, మెడలో పలక. అందరూ నీ చుట్టూ మూగారు. నేను తెచ్చిన పలకను యాదగిరికి అప్పగించి రోడ్డు మీదికి వచ్చేశాను. అంత జనంలో యాభై అయిదేళ్ల మనిషి ఏడిస్తే బాగుండదు.

నీ గొంతుకు ఏమైంది?

ఆనంద్


ఫిలింనగర్
అక్టోబరు 19

తమ్ముడూ,

నువ్వు నిజం రాశావు కాబట్టి నేనూ రాస్తాను. మౌనం పొడిగించారని అబద్ధం చెప్పాను. జులై నెలాఖరుకే ఆరు వారాలూ అయిపోయాయి. డాక్టరుగారు మాట్లాడమన్నారు. భయమేసి ఇంటికొచ్చి, స్నానాల గదిలో తలుపేసుకుని "హలో" అన్నాను. ఎవరో మగాడు లోపల దూరాడనుకుని కెవ్వుమనబోయాను. ఆ కెవ్వు కూడా వాడిదే.

ఇంతేనమ్మా, ఇక ఇలాగే ఉంటుంది అన్నారు డాక్టరుగారు. ఆ గొంతుతో ఏ హీరోయిన్‌కు చెబుతాను? కాబట్టి పలక తీయలేదు. మూగదాన్నంటే జాలిపడతారు, బొంగురుదాన్నంటే నవ్వుతారు కదా అనుకున్నాను. నీ చెవుల మీద అనుమానంగా ఉందని రాసిన ఉత్తరంలోనే నేను దొంగ మౌనం మొదలుపెట్టాను.

ఆ రోజు వైరు తెగిందని హెడ్‌ఫోన్లలో తెలిసింది. పలకల సందులోంచి ఆదినారాయణగారి చెప్పులు లేవడం కనిపించింది. నెల రోజులుగా ఆ బండ ఊపిరి వింటున్నాను. దాన్ని పగలగొడతారన్న కోపంలో నోరు దానంతటదే తెరుచుకుంది. యాస అంతా యాదగిరి పుణ్యం. రోజూ మధ్యాహ్నం టీ తాగుతూ వాళ్లావిడ గురించి చెప్పేవాడు, నేను తలూపేదాన్ని.

నువ్వు వెళ్లాక జరిగింది చెబుతాను. ఆదినారాయణగారు దగ్గరికొచ్చి, "అమ్మా, మీరెవరు?" అన్నారు.

"మీ ఆరు సినిమాల హీరోయిన్నండీ" అన్నాను.

డబ్బింగ్ చెప్పింది నేనేనని విడమర్చాను. తర్వాత సినిమాల పేర్లు ఒక్కొక్కటే అడిగారు. అదీ మీరేనా, అదీ మీరేనా అని. ఆరూ అయ్యాక చేతులు జోడించి, "ఇన్నేళ్లూ మా ఇంటికి రాలేదేమమ్మా?" అన్నారు. "పిలవలేదండీ" అన్నాను.

పరబ్రహ్మంగారు ఈలోపు దిక్సూచి పట్టుకుని బండ చుట్టూ రెండు ప్రదక్షిణలు చేశారు. "నైరుతిలో బరువుండటం శాస్త్రమే. బండ వైపునుంచి చూస్తే ఇల్లు నైరుతిలోనే ఉంది. దివ్యంగా ఉంది" అని తేల్చారు. డ్రిల్లింగువాళ్లను వెనక్కి పంపేశారు. నీ పలక ఏడో చోట కూర్చుంది. ఆ రోజు మాటలన్నీ తీసేసి మళ్లీ మూలుగే పెట్టాలని వర్ణిక పట్టు. నేనూ ఆ పిల్ల పక్షమే. బండకు నా అవసరం ఆ ఒక్క రోజే.

నాకు మాత్రం కొత్త సినిమాలో పని ఇచ్చారు. గొర్రెలు కాసే ముసలమ్మకు గొంతు. కథ మొత్తం ఆవిడదే. కథలో బరువు ఉండాలని ఆదినారాయణగారు నాలుగుసార్లు తిరగరాయించారట.

బుధవారం సాయంత్రం అయిదింటికి ఫోన్ చేస్తాను. ఎత్తు.

కరుణక్క


చీమకుర్తి
అక్టోబరు 25

అక్కా,

బుధవారం నువ్వు నలభై నిమిషాలు మాట్లాడావు. ఒక్క ముక్క కూడా వదలకుండా విన్నాను. తబిత గడియారం చూసి రాసిపెట్టింది.

ఆరేళ్లుగా నువ్వు నన్ను ఇంతలా తిడుతున్నావని నాకు తెలియదు. ఊఁ, అలాగే అక్కా, అంటూ నేను ఒప్పుకున్నవన్నీ ఇప్పుడు తెలిసొచ్చాయి. మీ చర్చిలో క్రిస్మస్ పాటలు పాడతానన్నానట. బీడీలు మానేశానన్నానట. మోకాలికి ఆపరేషన్ కూడా చేయించుకున్నానట, నువ్వు ఉపవాస ప్రార్థన కూడా చేశావట. ఆ మోకాలు దేవుడి దయవల్ల ఇప్పుడు నొప్పి కూడా లేదు, ఏం చెయ్యమంటావు?

నువ్వు చెప్పినట్టే ఆఫీసులో నిజం చెప్పేశాను. మేనేజరుగారు నవ్వి, "మీరు పృథ్వీరాజ్ ముఖం చూస్తున్నారని మాకు తెలుసండీ, వాడు మీ ముఖం చూస్తున్నాడు" అన్నారు. నన్ను తీసెయ్యలేదు. పలకలకు ఇప్పుడు వాడి చెవి, నా అరచెయ్యి. చెవి మిషను కోసం గురువారం ఒంగోలు వెళ్తున్నాం. అది పెట్టుకుంటే తబిత ఏమంటుందో కూడా వినిపిస్తుందట. కొంచెం భయంగానే ఉంది.

మళ్లీ ఏ రోజు చేస్తావో ముందే చెప్పు. ఆ గంటసేపు డ్రిల్లింగు ఆపించమని మేనేజరుగారిని అడిగాను. ఎందుకన్నారు. మా అక్క మాట్లాడుతుందని చెప్పాను.

నీ తమ్ముడు,
ఆనందకుమార్